ట్రాకు ఆగదు... తబలా ఆగుతుంది!

మీరెప్పుడైనా శనివారం సాయంత్రం ఆరుగంటల వేళ ఆర్.టి.సి. క్రాస్‌రోడ్స్‌లో నిలబడ్డారా? నిలబడలేరు లెండి. జనం నిలబడనివ్వరు. మ్యాట్నీ వదిలినవాళ్లూ, ఫస్ట్ షోకి పరుగెత్తేవాళ్లూ ఎదురెదురుగా వస్తుంటే మధ్యన చిక్కిన మనిషి ఏదో ఒక హాల్లోకి కొట్టుకుపోవలసిందే. సంధ్య, దేవి, సుదర్శన్... పేరు పక్కన 35 ఎం.ఎం., 70 ఎం.ఎం. అని బిరుదులు తగిలించుకున్న హాళ్లు. హీరోగారి కటౌట్‌కి ఎన్ని దండలు పడ్డాయో లెక్కపెట్టి, ఆ లెక్కని బట్టి సినిమా జాతకం చెప్పే జ్యోతిష్కులు ప్రతి టీ బడ్డీ దగ్గరా తగులుతారు.

పోయిన డిసెంబరులో ఓ శనివారం నేను ఆ జనానికి ఎదురీదాను. నేను చూడబోయే హీరోకి అక్కడ కటౌట్ లేదు. ఆ మాటకొస్తే ఆయనకి కటౌట్ ఎక్కడా లేదు. ఆయన తబలా వాయిస్తారు.

ఆయన్ని చూడాలని పట్టుబట్టింది నేను కాదు, మా కుర్రాడు. మా కుర్రాడంటే చుట్టం కాడు. నల్గొండ జిల్లా నించి వచ్చి అశోక్‌నగర్‌లో గదిలో ఉంటున్న కీబోర్డు వాద్యగాడు. ఇరవై ఆరేళ్లవాడు. రెండేళ్ల క్రితం ఓ పెళ్లి రిసెప్షన్‌లో పరిచయం. అప్పణ్ణించీ నన్ను 'అన్నా' అంటాడు, నా జేబులో డబ్బులుంటే టీ ఇప్పించుకుంటాడు, లేకపోతే తనే ఇప్పిస్తాడు.

అశోక్‌నగర్ అంటే ఈ రోజుల్లో గ్రూప్స్ పరీక్షల ఊరు. ఏ మేడ చూసినా హాస్టలు బోర్డు, ఏ సందు చూసినా జిరాక్సు షాపు. నగర కేంద్ర గ్రంథాలయంలో పొద్దున్నే సీటు పట్టుకున్నవాడు రాత్రికి గాని లేవడు. ఇందిరా పార్కు నించి వి.ఎస్.టి. దాకా 2023 ఆగస్టులో తెరిచిన ఉక్కు వంతెన మీద కార్లు రయ్యిన పోతుంటాయి. దాని కింద బండి దగ్గర దోసె తింటూ కూడా పుస్తకం మూయని పిల్లలుంటారు. మావాడి గదిలో నలుగురు. ఒకడు పాలిటీ, ఒకడు ఎకానమీ, మరొకడు తెలంగాణ ఉద్యమ చరిత్ర బట్టీ పడుతుంటారు. నాలుగో మూల మావాడు హెడ్‌ఫోన్స్ తగిలించుకుని కీబోర్డు వాయిస్తుంటాడు. బయటివాళ్లకి మీటల టకటకలు తప్ప ఏమీ వినబడదు. చదువుకునేవాళ్లకి ఇబ్బంది కాకూడదని ఒప్పందం. నగరంలో ఇంత నిశ్శబ్దంగా సంగీతం పుట్టే గది ఇంకోటి ఉంటుందనుకోను.

గ్రంథాలయం గేటు దగ్గర కలుసుకున్నాం.

"అన్నా, జల్ది నడువు. ముందు వరస దొరకకపోతే చేతులు కనబడయి," అన్నాడు.

"చేతులా?"

"తబలా సార్ చేతులన్నా! పాటదేముంది, ఇంట్ల గూడ వినొచ్చు."

మేం వెళ్తున్నది చిక్కడపల్లి త్యాగరాయ గానసభకి. 1966లో మొదలైన సభ. పేరు త్యాగరాజస్వామిదైనా ఆ గోడలు వినని సంగీతం లేదు. ఒకనాడు కర్ణాటక కచేరీ, ఒకనాడు కూచిపూడి, ఇంకోనాడు నాటకం, మర్నాడు పుస్తకావిష్కరణ. పెద్ద హాలు దొరకనివాళ్లకి కళా సుబ్బారావు కళావేదిక అని పక్కనే చిన్న హాలుంది. కాస్త అవతల బాగ్‌లింగంపల్లిలో సుందరయ్య విజ్ఞాన కేంద్రం. మొత్తం మీద ఈ చుట్టుపక్కల ఏదో ఒక మైకు మోగని సాయంత్రం అరుదు. సినిమా పాటల 'సంగీత విభావరి' అయితే మరీను. ఎక్కువ భాగం టిక్కెట్టు లేకుండానే. ఫ్యాను కింద కుర్చీ, పాత పాట, మధ్యలో చిన్న కునుకు... రిటైరైన గుమాస్తాగారికి అంతకంటే స్వర్గం ఏముంటుంది చెప్పండి!

డిసెంబరు నెల గనక ఆవేళ ఘంటసాల పాటలు. ఆయన పుట్టింది 1922 డిసెంబరు 4న, పోయింది 1974 ఫిబ్రవరి 11న. అందుకని ఈ రెండు నెలల్లో హైదరాబాద్ హాళ్లలో ఎటు తిరిగినా ఆ గొంతే. అసలు గొంతు కాదు, ఆ గొంతు కోసం ప్రయత్నించే గొంతులు.

ముందు వరస దొరికింది. ఎందుకు దొరకదు? సభ ఆరింటికన్నారు, ఏడు అయినా సన్మానాలే. మన సభల్లో ఒక్కో పాటకీ రెండు శాలువాల చొప్పున పడుతుంది. ఒక పెద్దమనిషి ఘంటసాల గురించి మాట్లాడతానని లేచి, ఘంటసాల దగ్గర మొదలెట్టి తన మనవడి అమెరికా ఉద్యోగం దగ్గర తేలారు. మావాడికి ఇవేవీ పట్టలేదు. వేదిక మీద ఎడమ పక్క, తెర అంచున, ఓ బక్కపల్చటి పెద్దాయన సుత్తి పుచ్చుకుని తబలా శ్రుతి చేసుకుంటున్నారు. డెబ్భై దాటిన మనిషి. తెల్లచొక్కా మీద బూడిదరంగు స్వెట్టరు. కుడి తబలా అంచున టక్‌మని కొట్టటం, చెవి దగ్గరకి వంచటం, కింద గట్టా మీద ఇంకో దెబ్బ, మళ్లీ వినటం. సన్మానాల చప్పట్లు మోగినప్పుడల్లా ఆగి, చప్పట్లయ్యాక మళ్లీ మొదలెడుతున్నారు.

"ఏ.సి.కి శ్రుతి మారుతదన్నా. గంటకోసారి చూసుకోవాలె," అన్నాడు మావాడు, నాకేదో రహస్యం చెప్పినట్టు.

ఆయన్ని వాడు మొదటిసారి చూసింది పదేళ్ల వయసులో. వాళ్లూళ్లో వినాయక చవితి పందిట్లో ఆర్కెస్ట్రా పెట్టారట. అందరూ గాయకుడి వైపు చూస్తుంటే వీడు స్తంభం ఎక్కి తబలా కేసి చూశాడట. మర్నాడు ఇంట్లో స్టీలు డబ్బాలన్నీ సొట్టలు!

ఆ సాయంత్రం పాడేవాళ్లూ, వాయించేవాళ్లూ దాదాపు అందరూ అరవై దాటినవాళ్లే. ఒక వయొలిన్, ఒక ఫ్లూటు, తబలా, ఢోలక్, చిన్న కీబోర్డు. పేర్లు రాస్తానంటే తబలా మాస్టారు వద్దన్నారు. "ఇన్నాళ్లూ లేనిది ఇప్పుడెందుకయ్యా," అన్నారు. నిజమే. మీ ఇంట్లో పాత గ్రామఫోను రికార్డుంటే తీసి చూడండి. సినిమా పేరు, గాయకుల పేర్లు, రాసినవారు, సంగీత దర్శకుడు... అంతవరకే. ఆ పాటలో మిమ్మల్ని ఏడిపించిన వయొలిన్ ఎవరిదో ఆ చక్రం మీద ఉండదు.

వెనక వరసంటే చిన్న వరసని మాత్రం అనుకోకండి. మద్రాసులో బాలసుబ్రహ్మణ్యం కుర్రతనంలో పాటల బృందం నడిపినప్పుడు ఆయన వెనక గిటారు, హార్మోనియం వాయించిన మనిషి ఇళయరాజా. రమేష్ నాయుడు దగ్గరా, రాజ్-కోటిల దగ్గరా కీబోర్డు వాయించిన దిలీప్ అనే కుర్రాడు తర్వాత ఎ.ఆర్. రెహమాన్ అయ్యాడు. చక్రవర్తి దగ్గర సహాయకుడిగా పనిచేసిన కీరవాణి 2023లో ఆస్కార్ అందుకున్నారు. కాకపోతే, వెనక వరస నించి ముందుకొచ్చినవాళ్లని వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. వెనకే ఉండిపోయినవాళ్లని లెక్కపెట్టినవాడు లేడు.

సరే, పాటలు మొదలయ్యాయి. మొదటి రెండూ ట్రాకు మీద. ట్రాకంటే మీకు తెలిసిందే. గాయకుడి గొంతు లేకుండా వాద్యాలు మాత్రం ఉన్న పాట లాప్‌టాప్‌లో వస్తుంటే దానిమీద పాడటం. ఖర్చు తక్కువ. రిహార్సల్ అక్కర్లేదు. పది మంది వాద్యగాళ్లకి ఆటోఖర్చులూ, భోజనాలూ చూడనక్కర్లేదు. అందుకే నగరంలో విభావరులు సగానికి సగం అలాగే నడుస్తున్నాయి. ఆవేళ నిర్వాహకులు కొంత మర్యాద పాటించి, సగం ట్రాకు, సగం ఆర్కెస్ట్రా పెట్టారు.

పట్టుచీర కట్టుకున్న ఓ పెద్దావిడ పాడారు. గొంతు వయసుతో కాస్త మసకబారినా, గమకం పడవలసిన చోట సూదిమొనలా పడుతోంది. మొదటి చరణం అయింది. మధ్య వాద్యసంగీతం నడుస్తోంది. ఆవిడ మంచినీళ్ల గ్లాసు అందుకుని ఒక గుక్క తాగారు. అంతే! గ్లాసు దింపేలోపల రెండో చరణం ఎత్తుగడ దాటిపోయింది. ట్రాకు ఆగుతుందా? ఆగదు. బస్సు వెనక పరుగెత్తినట్టు ఆవిడ రెండు మాటలు మింగి, మూడో మాట దగ్గర అందుకున్నారు. పాట అయ్యాక తనే నవ్వేసి, "నాకు వయసైంది, లాప్‌టాప్‌కి కాలేదు," అన్నారు. హాలంతా నవ్వింది. మావాడు ఎందుకో తల దించుకున్నాడు. సెల్‌ఫోన్ చూసుకుంటున్నాడనుకున్నాను.

తర్వాత వాద్యాలవాళ్లు చేతులు కదిపారు.

నాకు సంగీతం తెలియదు. బి.ఏ.లో చరిత్ర చదువుకున్నవాణ్ణి. కానీ మావాడు చెవిలో చెబుతుంటే ఆవేళ మొదటిసారి పాట కాక, పాట కింద జరిగేది చూశాను. తబలా మాస్టారు తబలా వైపు చూడరు. ఆయన కళ్లెప్పుడూ గాయకుడి మెడ మీద, భుజాల మీద. "ఊపిరి చూస్తుండన్నా. భుజం లేస్తే గాలి తీసుకుంటున్నడన్నట్టు. గాలి తీసుకుంటే ఇప్పుడు ఎత్తుకుంటడన్నట్టు." అవును! గాయకుడి భుజం లేచిన ప్రతిసారీ ఆయన ఎడమ అరచెయ్యి బాయా మీద మెత్తగా జారుతోంది. మెట్లు దిగే పెద్దవాళ్ల మోచెయ్యి కింద చెయ్యి వేసినట్టు.

నాలుగో పాట యుగళగీతం. పెద్దావిడే మళ్లీ వచ్చారు, పక్కన డెబ్భై ఏళ్ల గాయకుడు. రెండో చరణం దగ్గరికొచ్చేసరికి ఆవిడ ఆగిపోయారు. పూర్తిగా మర్చిపోయారు. చేతిలో కాగితం ఉంది గానీ కళ్లజోడు లేదు. నా గుండె గుభేలుమంది. మావాడు నా మోచెయ్యి గట్టిగా పట్టుకున్నాడు.

ఏం జరిగిందో చెప్తాను వినండి. తబలా ఆగలేదు, ముందుకీ పోలేదు. అదే నడక ఇంకో ఆవర్తం తిప్పింది. ఢోలక్ ఆయన మాస్టారు వైపొక చూపు చూసి చప్పుడు తగ్గించారు. వయొలిన్ పెద్దాయన కళ్లు మూసుకునే పల్లవి వరసని సన్నగా వాయించారు, పూలసజ్జ జరిపినట్టు. రెండో ఆవర్తం మధ్యలో ఆవిడకి మాట గుర్తొచ్చింది. భుజం లేచింది. మాస్టారు చిన్న ముక్తాయింపు ఇచ్చారు. చరణం అందుకున్నారు! హాల్లో ఎవరికీ తెలియలేదు. నా పక్కాయన పైగా, "ఈ బిట్టు సినిమాలో లేదే, బాగుంది," అన్నాడు. మావాడు మాత్రం ఊపిరి వదిలి, "చూసినవా అన్నా... చూసినవా..." అని మూడుసార్లన్నాడు.

ఆ తర్వాత పద్యాలు. కరుణశ్రీగారి పుష్పవిలాపం లేకుండా ఘంటసాల సాయంత్రం అవుతుందా? పద్యానికి తాళం లేదు. ఎక్కడ ఆగాలో, ఏ అక్షరం మీద ఎంతసేపు నిలవాలో పాడేవాడి గుండెకే తెలుసు. వయొలిన్ ఒక్కటే అరడుగు వెనక నడుస్తుంది. అదే పద్యాన్ని ట్రాకు మీద పాడించి చూడండి, పూలు ఏడవటానికి కూడా టైము పెట్టినట్టుంటుంది. తబలా మాస్టారు చేతులు ఒళ్లో పెట్టుకుని, కళ్లు మూసుకుని, మనలాగే వింటున్నారు. రాగం పైకెక్కి నిలబడిన చోట ఆయన కుడిచేతి వేలొకటి తనకి తెలియకుండానే లేచింది. తగిలేందుకు అక్కడ తబలా లేదు. గాల్లోనే ఆగిపోయింది.

తొమ్మిదిన్నరకి సభ ముగిసింది. కుర్చీలు మడతపెట్టే చప్పుడు మొదలయ్యేదాకా మావాడు లేవలేదు. వేదిక దగ్గరకి వెళ్లి పలకరించమంటే కాళ్లు రావు. చివరికి మాస్టారే పిలిచారు.

"ఏం నాయనా! వచ్చిన కాణ్ణించీ నా వేళ్లకేసే చూస్తున్నావు. నీకేమన్నా బాకీ ఉన్నానా?"

వీడు గబుక్కున కాళ్లకి దండం పెట్టి, పదేళ్లప్పటి పందిరి కథ ఒక్క గుక్కలో చెప్పేశాడు. ఆయన నవ్వి, తబలా సంచీ వీడి భుజాన వేశారు. దిల్‌సుఖ్‌నగర్ వెళ్లాలట. చిక్కడపల్లిలోనే మెట్రో ఉంది గదా అంటే, "నారాయణగూడలో టీ తాగి అక్కడెక్కుతాను. నలభై ఏళ్ల అలవాటు, మెట్రో నిన్నగాక మొన్న వచ్చింది," అన్నారు. నిన్నగాక మొన్నంటే 2020 ఫిబ్రవరి! ఆ వయసులో అంతేనేమో.

ముగ్గురం ఆటో ఎక్కాం. బాయా సంచీ వీడి ఒళ్లో, కుడి తబలా సంచీ నా ఒళ్లో. మెట్రో స్తంభాల వరస కింద చిక్కడపల్లి రోడ్డు చలికి ముడుచుకుని ఉంది. నారాయణగూడ చౌరస్తా దాటాక ఓ ఇరానీ హోటలు ముందు దిగాం. ఒకప్పుడు సెకండ్ షో వదిలితే దీపక్ మహల్, శాంతి థియేటర్ల జనం అంతా ఈ టీల కోసమే విరగబడేవారని మాస్టారు చెప్పారు. ఆ జనంలో పాటలు పాడుకుంటూ వచ్చేవాళ్లుండేవారట. సినిమా ఎలా ఉందో అడగక్కర్లేదు, ఏ పాట పాడుకుంటున్నారో వింటే చాలునట.

ఉస్మానియా బిస్కట్టు టీలో ముంచుతూ ఆయన అడిగారు: "ఇంతకీ ఎవరి దగ్గర వాయిస్తున్నావు?"

మావాడు కాసేపు సాసరు వైపు చూశాడు. "ట్రాకులు చేస్త సార్. పాడేటోళ్లు పాట పేరు, శ్రుతి పంపిస్తరు. నేను రూంల చేసి పంపిస్త." ఆగి, ఇంకాస్త నెమ్మదిగా అన్నాడు: "ఇయ్యాల అమ్మ పాడిన మొదటి పాట... అది నా ట్రాకే సార్."

అప్పుడర్థమైంది నాకు, హాల్లో వాడు చూసుకున్నది సెల్‌ఫోన్ కాదని.

మాస్టారు బిస్కట్టు తినటం ఆపలేదు. "ఎరుగుదును. ఆవిడ చెప్పింది, అశోక్‌నగర్ కుర్రాడని. బానే చేశావు. మొదట్లో ఫ్లూటు బిట్టుంది చూడూ, నిజం ఫ్లూటేనేమోనని మావాడి కేసి చూశాను, వాడేమో ఖాళీగా కూచున్నాడు. అంతా బాగుంది. కానీ రెండో చరణానికి ముందు ఆవిడకి గాలి పీల్చుకునే చోటేదీ?"

"ఒరిజినల్ల గూడ అంతే ఉంది సార్. కొలిచి చేసిన."

"ఒరిజినల్లో పాడినావిడకి అప్పుడు ముప్ఫై ఏళ్లు నాయనా. ఈవిడకి అరవై ఎనిమిది."

మావాడు మాట్లాడలేదు. వెయిటర్ వచ్చి ఖాళీ కప్పులు తీసుకెళ్లాడు. మాస్టారు ఇంకో మూడు టీలు చెప్పారు.

తర్వాత ఆయన చెప్పిన కబుర్లు రాస్తే ఓ పుస్తకం. 1970 ఫిబ్రవరి 1న లాల్ బహదూర్ స్టేడియంలో ఘంటసాల రజతోత్సవం జరిగింది. ముప్ఫై వేల మందికి పైగా వచ్చిన సభ. ఆ జనంలో ఇరవై ఏళ్ల కుర్రాడిగా ఈయనా ఉన్నారు. వేదిక మీద ఘంటసాల బొటనవేలంత కనబడ్డారట. ఆ ఘంటసాలే విజయనగరంలో సంగీతం నేర్చుకునేటప్పుడు ఇంటింటా మధూకరం ఎత్తి కడుపు నింపుకున్నారనీ, మద్రాసు చేరిన కొత్తలో పానగల్ పార్కులో పడుకున్నారనీ విని, "మరి నేనెందుకు పడుకోకూడదు" అని మర్నాడే ఈయన ఇల్లు వదిలేశారట. రాంకోఠి సంగీత కళాశాల చుట్టూ తిరిగారు, రేడియో స్టేషన్ చుట్టూ తిరిగారు, చివరికి ఆర్కెస్ట్రాల్లో కుదురుకున్నారు.

రికార్డింగు సంగతీ అడిగాను. మద్రాసులో రెండు మూడుసార్లు కూచున్నారట, పెద్ద వరసల వెనక. అప్పట్లో గాయకులూ, ముప్ఫై నలభై వాద్యాలూ ఒకే హాల్లో, ఒకే ఊపులో పాట ముగించాలి. చివరి గీత దగ్గర ఎవరి విల్లు జారినా మళ్లీ మొదటికే. "అందుకే ఒకళ్లనొకళ్లు వినేవాళ్లం. వినకపోతే భోజనం ఆలస్యం," అన్నారు. గొంతు విడిగా, వాద్యాలు విడిగా పట్టే పద్ధతి వచ్చాక పని తేలికైంది. ఎవరి తప్పు వాళ్లే దిద్దుకోవచ్చు. ఎవరినీ వినక్కర్లేదు.

నేను ఉత్సాహపడి, "అంతేనండీ, ఈ మెషిన్లొచ్చి మీ పొట్టలు కొట్టాయి," అన్నాను. పత్రికలవాళ్లకి ఒక విలన్ దొరికితే కథ తొందరగా తయారవుతుంది గదా!

మాస్టారు నన్ను ఎగాదిగా చూశారు.

"మెషిన్ దానంతటది నడిచి వచ్చిందా? 1980ల్లో రిథమ్ బాక్సని ఒకటి దిగింది. ఒక్క పెట్టె, నలుగురి చప్పుడు. ఓ పెళ్లి ప్రోగ్రాం పట్టుకున్నాను, డబ్బులు తక్కువ. ఆ పెట్టె అద్దెకి తెచ్చింది నేనే. పదేళ్లు నా పక్కన ఢోలక్ వాయించినవాడికి ఈసారికి రావద్దని కబురు పంపింది నేనే. వాడు ఏమీ అనలేదు. పెళ్లికి వచ్చి, భోజనం చేసి, నా తబలా విని వెళ్లాడు." చేతిలో టీ చల్లారిపోయింది. "ఇవాళ నా పక్కన ఢోలక్ వాయించింది వాడే."

అంత గోలలోనూ మా బల్ల దగ్గర ఏ చప్పుడూ లేదు.

ఢోలక్ ఆయన హాల్లో మాస్టారు వైపు చూసిన చూపు నాకు గుర్తొచ్చింది. ఒక్క చూపుతో చప్పుడు తగ్గించేశారే, ఆ చూపు.

టీవీలో 1996 నించీ బాలుగారు 'పాడుతా తీయగా' నడిపినన్నాళ్లూ పాడే పిల్లల వెనక వాద్యగాళ్లని కూచోబెట్టారని, నాలుగు ఇళ్లలో పొయ్యి వెలిగిందని చెప్పారు. 2020 సెప్టెంబరులో ఆయన పోయారు. మర్నెల్లు ఈ బృందంలో ఎవరికీ ప్రోగ్రాం లేదు. కరోనా రోజులు గదా, హాళ్లే మూసేశారు. ఆ ఏడాదే ఆర్కెస్ట్రాల్లో చాలామంది వాద్యాలు అమ్ముకున్నారట. మాస్టారు మాత్రం రోజూ పొద్దున డాబా మీద గంటసేపు వాయించారు. పక్కింటివాళ్లు అప్పుడు కూడా చప్పుడని గొడవపెట్టారు, ఇది వేరే సంగతి.

పది దాటింది. లేచారు.

"నీ ట్రాకులో తబలా ఎక్కణ్ణించి తెస్తావు?"

"కంప్యూటర్ల ఉంటది సార్. ఎవరో వాయించి పెట్టిన ముక్కలు. అతికిస్త."

"ఎవరో అంటే?"

"తెల్వదు సార్. పేరుండదు."

"ఉండదులే," అన్నారు మాస్టారు. ఆయన నవ్వారో లేదో మసక వెలుతురులో తెలియలేదు.

సంచీలు మోసుకుని మావాడు ఆయనతో పాటు నారాయణగూడ స్టేషన్ మెట్లెక్కాడు. నేను కింద నిలబడి సిగరెట్టు మానేసినందుకు విచారించాను. ఎం.జి.బి.ఎస్. వైపు రైలు తల మీద నించి పోయింది. వాడు దిగిరావటానికి ఇంకో పదిహేను నిమిషాలు పట్టింది. రైలెక్కించాక కూడా ప్లాట్‌ఫారం మీద ఉత్తినే నిలబడ్డాడట.

నడిచే వెనక్కొచ్చాం. చిక్కడపల్లి షాపులన్నీ కట్టేశారు. దూరాన క్రాస్‌రోడ్స్ వైపు నించి ఈలలు వినబడుతున్నాయి. ఇంకా ఏ హీరోగారో తెర మీదకి వస్తూనే ఉన్నాడన్నమాట. అశోక్‌నగర్ మలుపు దాకా మావాడు నోరు విప్పలేదు. అక్కడ వీధిదీపం కింద ఇద్దరు పిల్లలు ఒకరినొకరు ప్రశ్నలు అడుక్కుంటున్నారు, రాజ్యాంగంలో ఏ అధికరణం ఏమిటని.

"అన్నా, సార్ ఫోన్ నంబరిచ్చిండు. మైకు తీసుకొని ఇంటికి రమ్మన్నడు. తబలా ఆయనే వాయిస్తడట, రికార్డు చేసుకొమ్మన్నడు. పైసలెంతని అడిగితే తిట్టిండు."

"ఇంకేం మరి!"

"ఒక సింగర్‌కి రేపు పొద్దుగాల ట్రాక్ ఇస్తనన్న. పైసలు గూడ తీసుకున్న. సార్ దగ్గరికి పోతే ఎట్ల కాదన్నా రెండు మూడు రోజులు పడ్తది." గోడ మీది అభ్యర్థుల పోస్టర్లని చూస్తూ నిలబడ్డాడు. "సార్ వాయిస్తే సింగర్ గూడ ఎదురుంగ ఉండాలెనట. ఊపిరి కనబడకపోతే వాయించనన్నడు. ఆ సింగర్ ఉండేదేమో బెంగుళూరు!"

నేనేం చెప్పగలను? వాడి గదిలో లైటు వెలుగుతోంది, ముగ్గురూ చదువుతున్నట్టున్నారు. వాడు చెప్పులు చేత్తో పట్టుకుని, చప్పుడు కాకుండా మెట్లెక్కాడు.